ఎత్తును తేల్చేది ఆకాశం కాదు.. ముందున్న రహదారే!

శేరిలింగంపల్లి: కోకాపేట, నానక్‌రాంగూడ ప్రాంతాల్లో యాభై అంతస్తులకు మించిన భవనాలు వెలుస్తున్నాయి. అదే నగరంలోని పాత కాలనీల ఇరుకు వీధుల్లో నాలుగైదు అంతస్తులు దాటితే అనుమతి లభించదు. ఈ వ్యత్యాసానికి కారణం భవన నిర్మాణ నిబంధనల్లోనే ఉంది.

86వ ఉత్తర్వుతో మలుపు

ముంబయి వంటి నగరాల్లో స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే నిర్మించాలన్న పరిమితి అమల్లో ఉంది. హైదరాబాద్‌లో 2006 మార్చిలో వెలువడిన 86వ నంబరు ఉత్తర్వుతో ఈ పరిమితి తొలగిపోయింది. నాటి నుంచి స్థల విస్తీర్ణం, ముందున్న రహదారి వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలమే ఎత్తును నిర్ణయిస్తున్నాయి. 2023 ఆగస్టు నాటి వేలంలో కోకాపేటలో ఎకరం ధర రూ.100 కోట్లు దాటింది. అంత వెచ్చించి కొన్న స్థలంలో నిర్మాణదారులు ఎత్తుకే మొగ్గు చూపడం సహజం.

ఎంత ఎత్తుకు ఎంత ఖాళీ?

2012 ఏప్రిల్‌లో జారీ అయిన 168వ నంబరు ఉత్తర్వు 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాటిని బహుళ అంతస్తుల భవనాలుగా నిర్వచించింది. 21 మీటర్ల వరకు ఎత్తుకు ముందు 12 మీటర్ల రహదారి, చుట్టూ 7 మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని నిర్దేశించింది. 50 నుంచి 55 మీటర్ల ఎత్తుకు 30 మీటర్ల రహదారి, 16 మీటర్ల ఖాళీ తప్పనిసరి చేసింది.

విమానాల దారికి అడ్డు రాకుండా

విమానాశ్రయాల పరిసరాల్లో ఎత్తైన నిర్మాణాలకు విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నిరభ్యంతర పత్రం కూడా అవసరం. భవనం శిఖరాన్ని సముద్ర మట్టం నుంచి లెక్కిస్తారు. కాబట్టి గుట్టపై ఉన్న స్థలంలో అనుమతించే అంతస్తులు ఆ మేరకు తగ్గుతాయి.

ఖాళీ స్థలమే ప్రాణరక్ష

చుట్టూ వదిలే స్థలం కేవలం గాలీవెలుతురుల కోసం కాదు. ప్రమాద సమయంలో అగ్నిమాపక శకటం భవనం చుట్టూ తిరిగేది అక్కడే. సికింద్రాబాద్‌లోని ఒక వాణిజ్య సముదాయంలో 2023 మార్చి 16న చెలరేగిన మంటల్లో, పొగకు ఊపిరాడక ఆరుగురు మృత్యువాత పడ్డారు. పటంలో చూపిన ఖాళీని షెడ్లతో, వాహనాలతో నింపితే ఎంత కఠినమైన నిబంధన అయినా కాగితానికే పరిమితమవుతుంది.

ఫ్లాటు కొనేవారు ఎన్నో అంతస్తు అన్నది చూసుకునే ముందు ఆమోదిత పటం, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం, నివాసయోగ్యతా పత్రం పరిశీలించాలి. పటంలో ఉన్న ఖాళీ నేలపైనా ఉన్నదో లేదో స్వయంగా కొలిచి చూసుకోవడం మరింత శ్రేయస్కరం.