ఒడ్డు కనిపిస్తున్నా ఓడ దిగలేని నావికులు

రేవులో ఓడ ఆగింది. సరుకు దిగింది, కొత్త సరుకు ఎక్కింది. ఓడలో పనిచేసేవారు మాత్రం ఒడ్డున కాలు పెట్టలేకపోయారు. కొవిడ్-19 ఆంక్షల వల్ల 2020లో ప్రపంచంలోని అనేక రేవుల్లో ఇదే పరిస్థితి. ఆ ఏడాది చివరినాటికి ఒప్పంద కాలం ముగిసినా ఓడల్లోనే చిక్కుకుపోయిన నావికులు సుమారు 4 లక్షల మంది ఉంటారని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ అంచనా వేసింది.

సరుకును దించిన రేవు మనిషిని ఎందుకు దించలేకపోయింది? ప్రతి ఓడ సురక్షితంగా నడవాలంటే ఏ అర్హతలున్నవారు కనీసం ఎంతమంది ఉండాలో నిబంధనలు నిర్ణయిస్తాయి. కాబట్టి ఒకరు దిగాలంటే ఆ స్థానంలోకి మరొకరు అదే సమయానికి అదే రేవుకు చేరాలి. అందుకు విమానాలు నడవాలి, వీసాలు దొరకాలి, రేవు ఉన్న దేశం అనుమతించాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా సిబ్బంది మార్పిడి ఆగిపోతుంది. 2020 మార్చి తర్వాత దాదాపు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

సాధారణంగా 4 నుంచి 9 నెలలుండే విధులు కొందరికి ఏడాది దాటాయి. ఓడలో పని గడియారం చుట్టూ సాగుతుంది. చాలా ఓడల్లో 4 గంటలు కాపలా, 8 గంటలు విరామం. ఆ విరామంలోనూ మరమ్మతులు, రేవు పనులు ఉంటాయి. అర్ధరాత్రి విధులు, మారిపోయే కాలమండలాలు, ఇంజిన్ శబ్దం, ప్రకంపనలు శరీరంలోని జీవ గడియారాన్ని గాడి తప్పిస్తాయి. నిద్ర లోటు పేరుకుంటుంది. 17 గంటలు మేలుకొని ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది.

సముద్రంలో ఈ మందకొడితనం ఖరీదైనది. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ చమురు ఓడ రాతిదిబ్బను ఢీకొట్టడానికి గల కారణాల్లో, ఓడను నడుపుతున్న అధికారి అలసట కూడా ఒకటని దర్యాప్తు తేల్చింది. అందుకే అంతర్జాతీయ నిబంధనలు నావికులకు రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలంటాయి. 2006 నాటి సముద్రయాన కార్మిక ఒప్పందం ప్రకారం ఒక నావికుడు ఏకధాటిగా ఓడలో ఉండే కాలం 12 నెలల లోపే ఉండాలి.

దారి అసలు లేదని కాదు. మన దేశం 2020 ఏప్రిల్‌లోనే భారతీయ నావికులు ఇక్కడి రేవుల్లో ఓడ ఎక్కి దిగేందుకు ప్రత్యేక విధానం ప్రకటించింది. ఆ నెలలోనే ముంబై తీరంలో ఒక క్రూజ్ నౌక నుంచి 140 మందికి పైగా భారతీయ సిబ్బంది ఒడ్డుకు చేరారు. పరీక్షలు, క్వారంటైన్ పాటిస్తే మార్పిడి సాధ్యమేనని అది చూపింది. నావికులను కీలక కార్మికులుగా గుర్తించాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2020 డిసెంబరు 1న దేశాలను కోరింది.

ప్రపంచ సరుకు రవాణాలో 80 శాతానికి పైగా నడిచేది సముద్రం మీదే. మందులైనా, వంటనూనెలైనా, ఇంధనమైనా చాలావరకు నావికుల చేతుల మీదుగానే వస్తాయి. మరో మహమ్మారి వచ్చినప్పుడు సరుకుకు తెరిచిన రేవు వారికీ తెరిచి ఉండాలి. వారి విశ్రాంతి ఓడ భద్రతలో భాగం.