తట్టెడు మట్టిని తూచడం ఎలా? ప్లస్‌ టూ విద్యార్థుల సాహిత్య విశ్లేషణ వ్యాసాలపై ఒక పరిశీలన

రాయ్‌పూర్‌: పన్నెండో తరగతి విద్యార్థికి ఒక కథ ఇచ్చి విశ్లేషించమంటే వచ్చే జవాబులు ఎక్కువగా రెండు తీరుల్లో ఉంటాయి. కథను మళ్లీ చెప్పడం మొదటిది. ‘రచయిత పేదల వేదనను హృదయవిదారకంగా చిత్రించారు’ వంటి, ఏ కథకైనా అతికే వాక్యాలను వరుసగా పేర్చడం రెండోది. భాషాదోషాలు ఉండవు, మార్కులూ కొంతవరకు వస్తాయి. అయితే విద్యార్థి ఆ కథను నిజంగా చదివాడా, గైడులో సారాంశం చూసి రాశాడా అన్నది మాత్రం దిద్దేవారికి తెలియదు.

ఈ తేడాకు ఇప్పుడు ప్రాధాన్యం పెరిగింది. 2024-25 విద్యాసంవత్సరం నుంచి 11, 12 తరగతుల్లో సామర్థ్యాధారిత ప్రశ్నల వాటాను సీబీఎస్‌ఈ 40 నుంచి 50 శాతానికి పెంచింది. ప్రశ్నపత్రం మారినంత వేగంగా జవాబు రాసే అలవాటు మారదు. దాన్ని మార్చుకునే మార్గం ఏమిటో ఛత్తీస్‌గఢ్‌ నేలకే చెందిన ఒక చిన్న కథ ద్వారా చూద్దాం.

మాధవరావు సప్రే (1871-1926) 1900లో పెండ్రా నుంచి ‘ఛత్తీస్‌గఢ్‌ మిత్ర’ పత్రికను ప్రారంభించారు. తుదిశ్వాస విడిచింది రాయ్‌పూర్‌లో. ఆ పత్రికలో 1901లో వెలువడిన ఆయన కథ ‘ఏక్‌ టోక్రీ భర్‌ మిట్టీ’ని హిందీ తొలి కథల్లో ఒకటిగా పేర్కొంటారు. టోక్రీ అంటే బుట్ట కావచ్చు, గంప కావచ్చు. మట్టి మోసేది మనకు తట్ట కాబట్టి ‘తట్టెడు మట్టి’ అనుకుందాం.

కథ ఇది. జమీందారు భవనం పక్కన ఒక పేద వితంతువు గుడిసె ఉంటుంది. భర్త, ఒక్కగానొక్క కొడుకు కన్నుమూసిన చోటు గనుక ఆమె దాన్ని వదలదు. జమీందారు వకీళ్లకు డబ్బు పోసి, కోర్టు ద్వారా గుడిసెను సొంతం చేసుకుంటాడు. ఇల్లు పోయినప్పటి నుంచి ఆమె మనవరాలు అన్నం ముట్టదు. ఆ గుడిసె మట్టితో పొయ్యి వేసి వండితే పిల్ల తింటుందేమోనన్న ఆశతో, తట్టెడు మట్టి తీసుకుపోనివ్వమని వృద్ధురాలు అడుగుతుంది. జమీందారు సరేనంటాడు. నింపిన తట్టను తలకెత్తేందుకు చేయి అందించమని ఆయననే వేడుకుంటుంది. మొదట కోప్పడ్డా, చివరకు నౌకరును పిలవకుండా ఆయనే పూనుకుంటాడు. తట్ట లేవదు. ఒక్క తట్టనే ఎత్తలేనివారు ఇన్ని వేల తట్టల మట్టి భారాన్ని జన్మంతా ఎలా మోస్తారని ఆమె అడుగుతుంది. జమీందారు పశ్చాత్తాపపడి గుడిసె తిరిగి ఇచ్చేస్తాడు.

‘ఈ కథలో జమీందారు అహంకారం అణిగింది’ అని రాస్తే తప్పు కాదు. కానీ దాన్ని కాదనేవారెవరు? విశ్లేషణ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదనకు మొదటి పరీక్ష ఇదే: కథ చదివిన మరో తెలివైన పాఠకుడు దానితో విభేదించగలగాలి. ఎవరూ విభేదించలేని చోట నిరూపించడానికి ఏమీ ఉండదు. నిరూపించేది లేనప్పుడు పేజీ నింపడానికి విద్యార్థి మళ్లీ కథనే చెబుతాడు. సారాంశం రాయడం బద్ధకం వల్ల వచ్చిన జబ్బు కాదని, వాదం లేకపోవడం వల్ల వచ్చిందని నా అభిప్రాయం.

మరో ప్రతిపాదన చూడండి. ‘చట్టం తీసుకున్న గుడిసెను జమీందారు మనసు తిరిగి ఇచ్చింది. వృద్ధురాలికి ఇల్లు దక్కింది గాని హక్కు దక్కలేదు.’ దీనితో తగవు పడవచ్చు. కోర్టు తీర్పు కథలో ఎక్కడా రద్దు కాదు, వకీళ్లు మళ్లీ కనిపించరు అన్నవి దీనికి ఆధారాలు. ఆమె జాలి కోసం అర్థించలేదని, జమీందారు చేతనే బరువు తూయించి న్యాయం తానే చెప్పిందని ఎదుటివారు అనవచ్చు. ఈ రెండో వాదాన్ని కూడా వ్యాసంలో ప్రస్తావించి బదులు చెప్పే విద్యార్థి మిగతావారి కన్నా ఒక మెట్టు పైన ఉంటాడు.

ఆధారం అంటే కొటేషన్‌ ఒక్కటే కాదు. నౌకరును పిలవకపోవడం ఒక ఆధారం, ఎందుకంటే నౌకరు ఎత్తి ఉంటే కథే లేదు. పొయ్యి మరో ఆధారం. చాలామంది దాన్ని దాటేస్తారు. అదే మట్టి జమీందారుకు ఆవరణ పెంచుకునే స్థలం, ఆమెకు పిల్ల ఆకలి తీర్చే పొయ్యి. తట్ట ఎందుకు లేవలేదో కథకుడు వివరించడు. అక్కడ ‘పాపభారం వల్ల’ అని తేల్చేయకుండా, రచయిత ఆ కారణాన్ని ఎందుకు ఖాళీగా వదిలారో ఆలోచిస్తే ఒక మంచి పేరా సిద్ధమవుతుంది.

రాయ్‌పూర్‌ వంటి నగరాల్లోని తెలుగు పిల్లలకు మరో సాధనం చేతిలోనే ఉంది. బడిలో హిందీ, ఇంగ్లిష్‌, ఇంట్లో తెలుగు. కథలో కీలకమైన రెండు వాక్యాలను ఇంటి భాషలోకి తెచ్చి చూడాలి. ఈ కథలో ఎవరికీ పేర్లు లేవు. జమీందారుకు మాత్రం కథకుడు ‘శ్రీమాన్‌’ తగిలిస్తాడు. తెలుగులో రాయబోతే వెంటనే చిక్కు వస్తుంది: వితంతువును ‘ఆమె’ అనాలా, ‘ఆవిడ’ అనాలా, ‘ముసలిది’ అనాలా? మొదటి సగంలో జమీందారు కళ్లతో, చివర్లో మరో చూపుతో చూస్తున్నామా? ఆ శ్రీమాన్‌లో గౌరవం ఎంత, ఎత్తిపొడుపు ఎంత? అనువాదం ఆగిన చోటే విశ్లేషణకు చోటు దొరుకుతుంది. అనువాదం వృత్తిగా ఉన్నవారికి ఇది రోజూ ఎదురయ్యే అనుభవమే.

పోలికకూ దూరం వెళ్లనక్కరలేదు. భండారు అచ్చమాంబ కథ ‘ధన త్రయోదశి’ 1902లో ‘హిందూ సుందరి’లో వచ్చింది. గురజాడ ‘దిద్దుబాటు’ (1910) కన్నా అది ముందుదన్న వాదం తెలుగు సాహిత్య చరిత్రలో బలంగానే ఉంది. అచ్చమాంబ 1905లో కన్నుమూసింది బిలాస్‌పూర్‌లో. సప్రే పత్రిక పుట్టిన పెండ్రా 2020లో కొత్త జిల్లా ఏర్పడే వరకు బిలాస్‌పూర్‌ జిల్లాలోనిదే. కాలమూ ప్రాంతమూ ఇంత దగ్గరగా ఉన్న ఈ రెండు కథల్లోనూ పేదరాలైన స్త్రీయే తప్పుదోవ పట్టిన పురుషుణ్ని సరిదిద్దుతుంది. అచ్చమాంబ కథలో ఆమె భార్య, యజమాని సొమ్ము తెచ్చిన భర్తకు ఇంట్లోనే నచ్చజెబుతుంది. సప్రే కథలో ఆమెకు ఆ చనువు లేదు, కాళ్లు పట్టుకుని బతిమాలాలి. పోలికలు, తేడాలు అని రెండు జాబితాలు రాయడం కన్నా ‘మాట చెల్లే చోటు ఎవరికి ఉంది’ అన్న ఒక్క ప్రశ్న మీద రెండు కథలనూ నిలబెట్టడం మేలు.

ఉపాధ్యాయులు చిత్తుప్రతిని దిద్దేటప్పుడు ‘ఇంకా లోతుగా రాయాలి’ అని రాస్తే విద్యార్థికి ఒరిగేదేమీ లేదు. ‘ఈ మాట కథలో ఎక్కడ ఉంది?’, ‘నౌకరు ఎత్తి ఉంటే?’ వంటి ప్రశ్న ఒక్కటి పక్కన రాస్తే చాలు. కథాసారానికి రెండు వాక్యాలకు మించి చోటివ్వకూడదన్న నియమమూ పనిచేస్తుంది. దిద్దేవారికి కథ తెలుసు గదా.

తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: జమీందారు అంత సులువుగా మారడం నమ్మశక్యంగా లేదని. ఆ విద్యార్థిని వారించకూడదు. ఏ వాక్యం దగ్గర నమ్మకం సడలిందో చూపించమని అడిగి, వ్యాసాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టనివ్వాలి.