మల్‌బూరకు మంచి ఈక ఏది?

నెమలి మన జాతీయ పక్షి. 1963 లో ప్రభుత్వం అట్ల ప్రకటించింది. మా గోండు భాషలో నెమలిని మల్ అంటాం. నెమలీకలతో కట్టిన గుస్సాడీ టోపీని మల్‌బూర అంటాం. దీపావళి దినాలలో దండారి పండుగ వస్తది. అప్పుడు గుస్సాడీలు ఈ టోపీ పెట్టుకొని, ఒంటికి బూడిద రాసుకొని ఊరూరు తిరిగి ఆడతరు. మర్లవాయి కనకరాజు గారికి ఈ ఆట మూలంగా 2021 లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024 అక్టోబరులో చనిపోయారు. ఆట నిలవాలంటే టోపీ కావాలి. టోపీకి ఈకలు కావాలి. మంచి ఈకను ఎట్ల గుర్తుపట్టాలో ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క టోపీకి వందల ఈకలు పడతయి. మా తాత టోపీలు కడతడు. పోయిన ఏడు ఒక పాత టోపీలో నలభై ఈకలు పురుగు తిన్నయి. చేన్లల్ల ఏరితే అన్ని దొరకలేదు. ఈ జనవరిలో మా బడి నుండి హైదరాబాదు నాంపల్లిలో నుమాయిష్ చూడ్డానికి పోయినం. నుమాయిష్ 1938 లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైందట. ఇప్పుడు మామూలుగా ప్రతి సంవత్సరం జనవరి ఒకటి నుండి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరుగుతుంది. పట్నంల నెమలీకలు అమ్ముతరని బాపు నాకు 400 రూపాయలు ఇచ్చిండు. "చూసి తే బిడ్డా, అందం చూసి మోసపోకు" అని తాత చెప్పిండు.

పట్నంలో నెమలీకలు ఎవరు కొంటరు అని మీకు అనుమానం రావచ్చు. కృష్ణుని పటానికి పెడతరు. ఇంట్లో కూజాలో అలంకరణకు పెడతరు. దర్గాల దగ్గర ఈకల కట్టతో తల మీద తాకించి దీవిస్తరు. నాంపల్లిలోనే యూసుఫైన్ దర్గా ఉంది. మా సైన్స్ టీచర్ ఇంకొకటి చెప్పింది. ఇంగ్లండు, అమెరికా దేశాలలో చేపలు పట్టేవాళ్లు నెమలీక నుండి ఒక్క పోచ తీసి గాలానికి చుడతరంట. అది నీళ్లల్ల పురుగు లాగ మెరుస్తది, చేప వచ్చి పట్టుకుంటది. వాళ్లు కూడ పోచకు నూగు ఒత్తుగా ఉందా, కొస విరిగిందా అని చూసే తీసుకుంటరంట.

ఇక ఈకను చూసే పద్ధతి. ముందు కన్ను చూడాలి. నడుమ ముదురు నీలం, దాని చుట్టూ లేత నీలం, తర్వాత రాగి రంగు, ఆపైన పచ్చ ఉండాలి. కన్ను చుట్టూ పోచలు తెగి ఉండవద్దు. కన్ను లేని ఈకలు కూడ ఉంటయి. కొన్నింటి కొస చేపతోక లాగ చీలి ఉంటది, కొన్నింటికి ఒక్క పక్కనే పోచలు ఉంటయి. అవి చెడ్డవి కావు, నెమలికి అంచుల దగ్గర ఉండే ఈకలు. తాత వాటిని టోపీ అంచుకు వాడతడు.

రెండోది రంగు. ఈకను ఎండలో పట్టి అటు ఇటు తిప్పాలి. పచ్చ నీలమై, నీలం రాగి రంగై మారాలి. ఈ మెరుపు రంగు పూసినట్టు ఉండేది కాదు. పోచల లోపల కంటికి కనపడని సన్నని నల్ల కణికెలు వరుసగా పేర్చి ఉంటయి. వెలుతురు వాటి మీద పడి తిరిగి వచ్చేటప్పుడు ఆ రంగులు కనపడతయి. రంగు వేసిన ఈక ఎటు తిప్పినా ఒక్క తీరుగనే ఉంటది. తడి తెల్లగుడ్డతో తుడిస్తే రంగు అంటుకోవచ్చు.

మూడోది పురుగు. ఈకను దులిపితే పొడి రాలవద్దు. పోచలు కొరికినట్టు ఉంటే తీసుకోవద్దు. ఆ పురుగు మిగతా ఈకలకు కూడ పాకుతది.

నాలుగోది అన్నింటికన్నా ముఖ్యం. అది ఈక మొదలు. మగ నెమలి పింఛంలో దాదాపు 150 ఈకలు ఉంటయి. వానకాలం పోయేటప్పుడు ప్రతి సంవత్సరం అవి తమంతట తామే రాలిపోతయి, మళ్లీ కొత్తవి వస్తయి. రాలిన ఈక మొదలు తెల్లగ, ఎండి, నున్నగ ఉంటది. పీకిన ఈక మొదట్ల నెత్తురు మరక, చర్మం ముక్క ఉండొచ్చు. మన వాకిట్ల రాలిన కోడి ఈకను, కోడిని కోసి పీకిన ఈకను పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తది. నెమలిని చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద మూడేండ్ల నుండి ఏడేండ్ల జైలు ఉంది. అందుకే కొందరు మొదలును కత్తెరతో కోసి అమ్ముతరు.

నాంపల్లి స్టేషను రోడ్డు మీద ఒకాయన కట్టలు కట్టలు పట్టుకొని అమ్ముతున్నడు. ఒకటి పది రూపాయలు. ఒక కట్ట చాలా బాగుంది, కండ్లన్నీ పెద్దగ మెరుస్తున్నయి. కాని అన్నింటి మొదళ్లు కోసి ఉన్నయి. "ఎందుకు కోసిండ్రు అన్నా?" అని అడిగితే కూజాలో పట్టడానికి అన్నడు. నిజమే కావచ్చు. కాని మొదలు లేకుంటే ఆ నెమలి బతికి ఉందో లేదో మనకు చెప్పేది ఏముంది? ఇంకో కట్టలో కొంచెం పొట్టివి, మొదళ్లు తెల్లగ ఉన్నవి ఏరితే పదకొండు దొరికినయి. అవే తెచ్చిన. నా దోస్తులు, నలభై కావాలి కదా, పదకొండుతో ఏమైతది అన్నరు. తాత మాత్రం వాటిని ఒక్కొక్కటి తిప్పి చూసి, "దేవుని టోపీల నెత్తురు ఈక ఉండొద్దు. టోపీ వచ్చే ఏడు నిండుతది" అన్నడు.

ఈకలను దాచే పద్ధతి కూడ తెలుసుకోవాలి. తడి లేకుండా నీడన ఆరబెట్టాలి. ఎండిన వేపాకు వేసి గుడ్డలో చుట్టి వెదురు బుట్టలో ఎత్తున వేలాడదీయాలి. అప్పుడప్పుడు విప్పి చూడాలి.

మిత్రులారా, దసరా సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు చేను గట్ల మీద, చెట్ల కింద చూడండి. అప్పుడే ఈకలు రాలే కాలం. వానకు మురగక ముందే ఏరి పెట్టండి. ఒక్కొక్కరం ఐదు తెచ్చినా ఒక ఊరి టోపీ బాగైతది. ఎవరైనా నెమలికి ఉచ్చు పెడితే వద్దని పెద్దలకు చెప్పండి. నెమలి బతికి ఉంటేనే వచ్చే ఏడు కూడ ఈక రాలుతది.

— 9వ తరగతి విద్యార్థిని