తొడుగు ఊడిన మాంజా

సంక్రాంతి ముందు ధూల్‌పేట్ గల్లీల్లో పతంగుల దుకాణాల ముందు నిలబడితే, చరఖాలకు చుట్టిన మాంజా కనిపిస్తుంది. గాజుపొడి పట్టించిన దారం. ఎదుటివాడి పతంగిని కోయడానికే దాన్ని తయారు చేస్తారు. వేలికి గుడ్డపీలిక చుట్టుకోకుండా లాగితే మన వేలినే కోస్తుంది.

మన పొట్టలోనూ అలాంటిదొకటి ఉంది. పేరు ట్రిప్సిన్, పని తిన్న పప్పులోని, మాంసంలోని ప్రొటీన్లను తెంపడం. క్లోమం దాన్ని ఎనిమిది అమైనో ఆమ్లాల తొడుగుతో ట్రిప్సినోజెన్‌గా పంపుతుంది. తొడుగు చిన్నపేగులో ఊడాలి. అంతకు ముందే, క్లోమంలోనే ఊడితే ముప్పు: సొంత రసాలే మేల్కొని క్లోమాన్ని అరిగించేస్తాయని హాన్స్ కియారి అనే వైద్యుడు 1896లోనే అన్నాడు.

సరిగ్గా నూరేళ్లకు దీని వెనకున్న జన్యువు దొరికింది. తరతరాలుగా క్లోమం వాపు వస్తున్న కుటుంబాల్లో, జబ్బుతో కలిసి సంక్రమిస్తున్న డీఎన్‌ఏ గుర్తులను వెంబడిస్తూ డేవిడ్ విట్‌కూంబ్ బృందం ఏడో క్రోమోజోమ్‌కు చేరింది. అక్కడి రోగనిరోధక జన్యువుల కోసం లెరాయ్ హుడ్ బృందం ఆ ప్రాంతాన్ని అక్షరమక్షరం చదివింది కూడా 1996లోనే. ఆ జన్యువుల నడుమే ట్రిప్సినోజెన్ జన్యువులు బయటపడ్డాయి. రోగుల్లో ఒక ఆర్జినిన్ స్థానంలో హిస్టిడిన్ ఉంది. వేళకాని వేళ లేచిన ట్రిప్సిన్ తనను తాను తెంపుకునే చోటు అదే; అది మారితే ఇక తెగదు.

నాకు ఇంతకన్నా విలువైనదిగా తోచే అధ్యాయం హైదరాబాద్‌లో జరిగింది. చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు, విడవని కడుపునొప్పి, ఆపై మధుమేహం తెచ్చే ఒక జబ్బు దక్షిణాదిలో, ముఖ్యంగా కేరళలో ఎక్కువ. చాలా ఏళ్లు నింద అక్కడ తినే కర్రపెండలం మీద పడింది. హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన కేంద్రంలో గిరిరాజ్ చందక్ బృందం ఈ రోగుల డీఎన్‌ఏను పరీక్షించింది. విట్‌కూంబ్ చూసిన కుటుంబాల్లో దోషిగా తేలిన ట్రిప్సినోజెన్ జన్యువులో మార్పులు ఇక్కడ కనబడలేదు. ట్రిప్సిన్‌ను పట్టుకుని ఆపే కాపలా ప్రొటీన్ స్పింక్-1 జన్యువులో మాత్రం మార్పు చాలామందిలో ఉందని 2002లో ప్రకటించారు. మన రోగి రక్తాన్ని మన ఊళ్లోనే చదవకపోతే ఈ తేడా తెలిసేదే కాదు.

అయితే స్పింక్-1 మార్పు ఆరోగ్యవంతుల్లోనూ కొందరికి ఉంటుంది. అదొక్కటే చాలదు. అందుకని ట్రిప్సినోజెన్ తొడుగును ఊడదీయగల మరో ఎంజైము, కాథెప్సిన్ బి వైపు తిరిగారు. దాని జన్యువు ఎనిమిదో క్రోమోజోమ్ పొట్టి చేతిలో ఉంది. 26వ స్థానంలో లూసిన్‌కు బదులు వాలిన్ ఉండడానికీ జబ్బుకూ సంబంధముందని 2006లో తేల్చారు.

కాథెప్సిన్ బి కూడా తొడుగుతోనే పుడుతుంది. ఆ 26వ స్థానం ఉన్నది తొడుగులోనే.