బీటిల్స్ 'పిచ్చి పాటలు' నిజంగా వేస్టా?

ఈరోజు కాస్త గొడవ పెట్టుకుందాం, అదీ బీటిల్స్ ఫ్యాన్స్‌తోనే.

వాళ్లలో చాలామంది అనే మాట ఒకటుంది. "బ్యాండ్ గ్రేటే, కానీ ఆ పిల్లల పాటలు లేకపోతే ఇంకా బాగుండేది" అని. వాళ్ల టార్గెట్ ముఖ్యంగా రెండు పాటలు: 'ఎల్లో సబ్‌మెరైన్', 'ఆక్టోపసెస్ గార్డెన్'. రెండూ పాడింది డ్రమ్మర్ రింగో స్టారే. పాపం.

'ఎల్లో సబ్‌మెరైన్' 1966 ఆగస్టులో సింగిల్‌గా వచ్చింది. ఆ రికార్డుకి రెండోవైపు ఏ పాట ఉందో తెలుసా? 'ఎలినార్ రిగ్బీ'. ఒంటరిగా బతికి, ఒంటరిగానే పోయిన ఒకావిడ కథ. అందులో గిటార్ లేదు, డ్రమ్స్ లేవు, ఉన్నదంతా వయొలిన్లు, వయోలాలు, చెల్లోలే. అంత బరువైన పాటకి జోడీగా పసుపు జలాంతర్గామి! పైగా ఒకటి మెయిన్, ఇంకోటి ఎక్స్‌ట్రా అని కాదు, డబుల్ ఏ-సైడ్. అంటే రెండిటికీ సమాన హోదా. బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది.

మరి ఆ పాటేమైనా ఈజీగా అయిపోయిందా? స్టూడియోలో గొలుసులు, విజిళ్లు, గంటలు, నీళ్ల టబ్బు... దొరికిందల్లా వాయించారు. రోలింగ్ స్టోన్స్ బ్రయాన్ జోన్స్ కూడా వచ్చి గ్లాసులు మోగించాడు. ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ అంతకుముందు పీటర్ సెల్లర్స్‌తో కామెడీ రికార్డులు చేసినాయన. నవ్వించడం ఎంత పనో ఆయనకి బాగా తెలుసు.

ఇక 'ఆక్టోపసెస్ గార్డెన్'. 1968లో వైట్ ఆల్బమ్ రికార్డింగ్ జరుగుతుండగా రింగో బ్యాండ్ వదిలేసి వెళ్లిపోయాడు. తను సరిగ్గా వాయించట్లేదని, మిగతా ముగ్గురూ ఒకటి, తను మాత్రం బయటివాడినని అనిపించిందట. సార్డీనియా వెళ్లి పడవలో తిరుగుతుంటే, ఆక్టోపస్‌లు సముద్రం అడుగున రాళ్లు, మెరిసే వస్తువులు ఏరుకొచ్చి తోటలా పేర్చుకుంటాయని పడవ కెప్టెన్ చెప్పాడు. తనూ అక్కడికే పోయి దాక్కోవాలనిపించింది రింగోకి. ఆ కోరికే ఈ పాట. తిరిగొచ్చేసరికి అతని డ్రమ్స్ నిండా పూలు! ఇది తెలిశాక ఇంకోసారి వినండి, ఆ నవ్వు వేరేగా వినిపిస్తుంది.

అలాగని అన్నిటినీ వెనకేసుకురాను. 'మ్యాక్స్‌వెల్స్ సిల్వర్ హ్యామర్' జాన్ లెనన్‌కే నచ్చలేదు, నాకూ రెండోసారి వినాలనిపించదు. అది సిల్లీగా ఉందని కాదు, జోకు సాగుతూనే ఉంటుందని.

ఈ వారం ఒక పని చేయండి. 'లెట్ ఇట్ బీ' విన్న వెంటనే, 1970లో అదే సింగిల్ వెనకవైపు వచ్చిన 'యూ నో మై నేమ్' పెట్టండి. ఇయర్‌ఫోన్స్‌తో వినండి, లేకపోతే ఇంట్లోవాళ్లు మీకేమైందని అడుగుతారు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!