చిన్నమెదడు – చలనముల పొందిక

కూచిపూడి తరంగమును చూడనివారు మన కృష్ణాతీరమున అరుదు. నర్తకి ఇత్తడి పళ్లెము అంచుపై పాదములు మోపి, తలపై నీటిచెంబు నిలుపుకొని, తాళము తప్పక ముందుకు సాగును. విజయవాడ వన్ టౌన్ సందులలో బస్తాను వీపున వేసికొని, ఆటోలను స్కూటర్లను తప్పించుకొనుచు కాళేశ్వరరావు మార్కెట్టు చేరు హమాలీ నేర్పును ఇంతకు తక్కువది కాదు. దానికి చప్పట్లు లేవు, అంతియే.

ఈ రెండు నేర్పులకును ఆధారము తల వెనుక, పెద్దమెదడు క్రింద ఒదిగియున్న చిన్నమెదడు. పరిమాణమున మెదడంతటిలో ఇంచుమించు పదవవంతే. కాని 2009లో ప్రకటితమైన లెక్కననుసరించి మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణములలో 6,900 కోట్లు దీనియందే కలవు.

చేయి చాపుమను ఆజ్ఞ చిన్నమెదడుది కాదు. అది పెద్దమెదడునుండి వెన్నుపామునకు పోవును. ఆ ఆజ్ఞ నకలు మాత్రము పాన్స్ అను భాగము గుండా చిన్నమెదడునకు చేరును. లాటిను భాషలో ఆ మాటకు వారధి యని అర్థము. కండరములెంత బిగిసినవో, కీళ్లెంత వంగినవో వెన్నుపాము తెలుపును. తల యెటు ఒరిగినదో లోపలిచెవి తెలుపును. తలపెట్టినదానిని జరుగుచున్నదానితో పోల్చి, సవరణను థాలమస్ గుండా పెద్దమెదడునకు మరల పంపుటయే దీని పని.

ఈ రాకపోకలకు మూడు జతల తంతుకట్టలు కలవు. బ్యారేజి నీరు ఏలూరు, బందరు, రైవస్ కాలువలుగా చీలినట్లని మేము చెప్పవచ్చును గాని, పోలిక ఒకచోట చెడును. కాలువలలో నీరు వెలుపలికే పోవును. ఇచ్చట వెలుపలికి పోవు తంతువు ఒకటికి లోనికి వచ్చునవి సుమారు నలుబది! వినుట ఎక్కువ, చెప్పుట తక్కువ.

మరియొక చిత్రము. సవరణలను గొనిపోవు తంతువులు దారిలో ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు దాటును. పెద్దమెదడు ఆజ్ఞలును క్రిందికి దిగునపుడు అట్లే దాటును. రెండుమార్లు దాటుటచే, చిన్నమెదడు కుడిభాగము కుడిచేతినే సవరించును. మొదటి ప్రపంచయుద్ధమున తుపాకిగుండ్లచే చిన్నమెదడు గాయపడిన సైనికులను పరీక్షించి, గోర్డన్ హోమ్స్ అను బ్రిటిష్ వైద్యుడు 1917లో వారి లక్షణములను వివరముగా ప్రకటించెను. దెబ్బ ఏ వైపున తగిలెనో ఆ వైపు చేయియే తడబడెను. అది పక్షవాతము కాదు. చేయి కదలును, గురి తప్పును. గ్లాసునందుకొనబోవు చేయి దానిని దాటిపోవును.

చిన్నమెదడు పైపొరనుండి వెలువడు సందేశము పుర్కిన్యె కణములది. 1837లో వీనిని వర్ణించిన చెక్ శాస్త్రజ్ఞుని పేరే వీనికి నిలిచినది. ఈ సందేశము ప్రేరణ కాదు, నిరోధమని 1960 దశకమున జపానుకు చెందిన మసావో ఇటో నిరూపించెను. బ్యారేజి గేట్లవలె అడ్డగించుచు, సమయమెరిగి సడలించుటచేతనే కదలికకు పొందిక కలుగుచున్నది. సాధనలో పొరపడినపుడెల్ల ఆ వార్త ఆలివ్ అను కణసముదాయము నుండి ఈ కణములకు వచ్చును. పళ్లెముపై అడుగు కుదురుటకు ఏండ్లు పట్టుట ఇందుచేతనే.

మద్యము చిన్నమెదడును త్వరగా మందగింపజేయును. కావున వీధిలో తూలినవానినెల్ల త్రాగుబోతని తలచుట మనకు పరిపాటియైనది. త్రాగని మనిషి హఠాత్తుగా తూలుచు, తీవ్రమైన తలనొప్పితో వాంతులు చేసికొనుచు, కాలుసేతులలో బలముండియు నిలువలేకున్నచో, చిన్నమెదడులో రక్తనాళము పూడుటయో చిట్లుటయో జరిగియుండవచ్చును. అచ్చట వాపు పెరిగిన, ప్రక్కనే యున్న శ్వాసకేంద్రము నొత్తును. అట్టివానికి మజ్జిగ త్రాగించి పరుండబెట్టరాదు. వెంటనే 108కు ఫోనుచేసి, మెదడు స్కానింగు చేయగల ఆసుపత్రికి చేర్పవలెను. లక్షణములు ఏ గంటకు మొదలైనవో అచ్చటి వైద్యునకు చెప్పవలెను.