గోడ మీద ఊరి చరిత్ర

గోడలపై రచించిన చిత్రాలను కుడ్యచిత్రాలంటారు. చిత్రశాలలోని చిత్రాన్ని చూడగోరువారు దానిని వెతుక్కుంటూ వెళ్ళాలి. వీధిగోడపై చిత్రమో, దారినపోయే ప్రతివారికీ తానే ఎదురవుతుంది. పండితుడు, పామరుడు అనే భేదం దానికి లేదు. అందుచేత ఆ గోడపై ఏమి ఉండాలో నిర్ణయించడంలో ఆ వీధివారికీ పాలు ఉండాలి.

తెలుగువారికి ఈ కళ కొత్తది కాదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పులపై 16వ శతాబ్దంలో విజయనగర చిత్రకారులు పురాణగాథలను చిత్రించారు. అక్కడి స్త్రీపురుషుల వస్త్రాలు, ఆభరణాలు, కేశాలంకరణలు ఆనాటి జీవనానికి సాక్ష్యాలు. ఆలయాలలో కళ రాజాశ్రయం పొందగా, పల్లెలలో స్త్రీలు మట్టిగోడలకు జాజు పూసి, సున్నంతో ముగ్గులు తీర్చారు. ఆ విద్య తల్లి నుండి కూతురికి సంక్రమించింది.

ఆధునిక కాలంలో కుడ్యచిత్రం సామూహిక కళగా మారింది. అమెరికాలోని లాస్ ఏంజిల్స్ నగరంలో ఒక వరదకాలువ గోడపై జూడిత్ బాకా అనే చిత్రకారిణి 1976లో చిత్రరచన ప్రారంభించింది. నాలుగు వందలమందికి పైగా యువతీయువకులు పాల్గొనగా, చిత్రం దాదాపు 840 మీటర్ల పొడవున విస్తరించింది. చరిత్ర గ్రంథాలు విస్మరించిన సామాన్యుల కథలే దానికి వస్తువులు. మన హైదరాబాదులోని ఎం.ఎస్. మక్తా బస్తీ గోడలు సైతం 2016లో ఇటువంటి చిత్రాలతో కొత్త రూపు సంతరించుకున్నాయి. స్వాతి, విజయ్ అనే చిత్రకార దంపతులు అందులో పాలుపంచుకున్నారు.

పాలమూరు ప్రాంతంలో ఇటువంటి చిత్రాలకు వస్తువుల కొరత లేదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమలో నూలు చీరకు పట్టు అంచు కలిపే నేతగాడున్నాడు. శ్రీశైలం జలాశయపు ముంపు నుండి తప్పించి ఆలంపురానికి తరలించిన సంగమేశ్వరాలయమున్నది. వనపర్తిలో సంస్థానాధీశుల రాజభవనం పాలిటెక్నిక్ కళాశాలగా మారిన వైనమున్నది. నాగర్‌కర్నూలు సీమలో నల్లమల చెంచుల జీవనమున్నది. కృష్ణాజలాలలో మునిగిన పల్లెల జ్ఞాపకమున్నది. ఆ పల్లెలను ఎరిగిన వృద్ధులు కాలగర్భంలో కలవకముందే వారి మాటలను సేకరించడం అత్యవసరం.

ఈ కార్యానికి పద్ధతి ఉన్నది. ముందుగా విద్యార్థులు పెద్దలనడిగి వివరాలు సేకరించాలి. చిత్రకారుడు వాటిని కాగితంపై చిన్న చిత్రంగా కూర్చి, దానిపై గళ్ళు గీస్తాడు. గోడపై అదే లెక్కన పెద్ద గళ్ళు గీసి, గడి వెంట గడిగా రేఖలను పెంచుతాడు. అందిన మేర రంగులు పిల్లలు నింపుతారు. పరంజా ఎక్కి చేయవలసిన పని చిత్రకారునిది. గోడలో చెమ్మ ఉంటే రంగు పెచ్చులూడిపోతుంది. కాబట్టి గోడను గీకి, ఆరబెట్టి, తెల్లపూత వేసిన పిమ్మటనే చిత్రం ఆరంభించాలి. ఫ్లెక్సీల రాకతో ఉపాధి కోల్పోయిన నామఫలక చిత్రకారులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. తగిన ప్రతిఫలమిచ్చి వారిని గురువులుగా ఆహ్వానిస్తే, వారికి జీవిక, పిల్లలకు విద్య ఏకకాలంలో లభిస్తాయి.

ఎండవానలకు ఏ రంగైనా వెలుస్తుంది. అయితే తాను రంగు వేసిన గోడపై విద్యార్థి ప్రకటన అంటించడు, ఉమ్మివేయడు; రంగు వెలసినప్పుడు తిరిగి కుంచె పడతాడు. పదిమంది చేతులు కలిసిన చిత్రాన్ని కాపాడేందుకు పదిమంది ఉంటారు. కుడ్యచిత్రానికి అదే నిజమైన రక్షణ.